విమానమను పేరుగల వాద్యబృందము

పూర్వకాలపు సంగీతము నాశ్రయించి క్రొత్తపాటలు కట్టువారియెడ నాకు మొదట నమ్మిక కలుగదు. పాతచీరకు క్రొత్త అంచు కుట్టి యంగడిలో బెట్టువారివలె తోచెదరు. అట్టి నేను, అమెరికాలోని హ్యూస్టను నగరమువారగు ముగ్గురు కూర్చిన మొదటి ఆల్బమును విని నా తలంపును గొంత మార్చుకొనవలసివచ్చినది.

ఆ బృందము పేరు క్రుయాంగ్‌బిన్. థాయి భాషలో విమానమని యర్థము. గిటారు వాయించు మార్క్ స్పియరును, డ్రమ్ములు వాయించు డొనాల్డ్ జాన్సనును ఆ నగరములోని యొక చర్చిలో భక్తిగీతములకు వాయించుచు స్నేహితులైరి. బేసు గిటారు వాయించునది లారా లీ యను స్త్రీ. ఆమె పసితనమునుండి సాధన చేసినది కాదు. స్పియరుతో పరిచయమైన పిదపనే యా వాద్యమును జేపట్టినది. పెద్దయైన యాడుదానికి క్రొత్తవిద్య యేలయని మన యిండ్లలో ననువారు ఈ సంగతి వినదగును. థాయి భాష నేర్చుకొనుచుండిన దినములలో ఆమెకు నచ్చిన మాటయే బృందమునకు పేరైనది.

2015వ సంవత్సరమున వెలువడిన యీ ఆల్బమునకు ‘ది యూనివర్స్ స్మైల్స్ అపాన్ యూ’ అని పేరు. విశ్వము నిన్ను జూచి నవ్వుచున్నదని భావము. టెక్సాసు రాష్ట్రమున బర్టను అను పల్లెటూరి కొట్టములో దీనిని రికార్డు చేసిరి. పది పాటలలో పెక్కింటికి సాహిత్యము లేదు. గాయకుడు పాడవలసిన వరుసను గిటారే పాడును. తీగను లాగి స్వరమును వంచి విడుచునపుడు మన వీణమీది గమకము జ్ఞప్తికి వచ్చును. బేసు తొందరపడదు, తక్కువ స్వరములతోనే పాటనంతయు మోయును.

వీరికి మార్గదర్శకములు 1960, 1970 దశకముల థాయి పాటలు. అవియును కేవలము దేశీయములు కావు. వియత్నాం యుద్ధకాలమున అమెరికా సైనికుల విమానస్థావరములు థాయిలాండులో వెలసినవి. వారివెంట రాకుసంగీతము వ్యాపించెను. ఇంగ్లండులోని షాడోస్ బృందము ననుకరించిన గిటారువాద్యమునకు అచటివారు షాడో సంగీతమనియే పేరిడిరి. ఆ దేశపు ఈశాన్యభాగమును ఈసాన్ అందురు, సంస్కృతపదమే యది. అచటి మోలాం పాటలలో వాయించు ఫిన్ అను తంత్రీవాద్యమునకు సైతము విద్యుత్తు గూర్చిరి. ఇట్లు అమెరికానుండి పోయిన గిటారు థాయి వేషము దాల్చి, కొన్ని దశాబ్దముల పిదప హ్యూస్టనుకు మరలివచ్చినది! ఎవరు ఎవరికి ఋణపడిరో తేల్చుట సులభము కాదు.

అయినను నా మనస్సున నొక ముల్లు మిగిలియున్నది. ఆ పాత థాయి కళాకారుల పేర్లు హ్యూస్టను బృందమును మెచ్చువారిలో నెందరెరుగుదురు? బృందమునకు థాయి పేరు పెట్టుట ఋణము నొప్పుకొనుటయే గాని తీర్చుట కాదు. ఎరువు తెచ్చిన నగయని చెప్పి ధరించినను, ఆ నగ యెవరిదో పేరు చెప్పవలదా?

వినగోరు సోదరీమణులు మొదటి పాటయగు ‘మిస్టర్ వైట్’తో ప్రారంభింపవచ్చును; మెల్లగా పాడిన ‘వైట్ గ్లవ్స్’ను తరువాత వినవచ్చును. పిమ్మట పాత మోలాం పాటనొకదానిని తప్పక వినవలెను. నేనట్లు వింటిని. ఫిన్ మ్రోత కరకుగా, వడిగా, పొలముగట్టుమీద పిలిచినట్లుండెను. స్పియరు గిటారు దానియెదుట మిక్కిలి మర్యాదగా తోచినది. నాకు పాతదే యెక్కువ నచ్చినది. కాని క్రొత్తదానిని వినకున్న నేను దానిని వెదకియుండను.