పౌలు లేఖల్లో ‘ఆత్మానుసార జీవనం’

‘ఆత్మానుసారంగా జీవించడం’ అని క్రైస్తవులు అన్నప్పుడు, అది దేహాన్ని శుష్కింపజేసే సన్యాసమని మన పాఠకుల్లో పలువురు భావిస్తారు. అనువాదకుడినైన నేనూ కొంతకాలం ఆ పొరపాటులోనే ఉన్నాను.

ఈ భావానికి ముఖ్యాధారం క్రీ.శ. 50వ దశకంలో పౌలు రోమా విశ్వాసులకు రాసిన లేఖ, ఎనిమిదో అధ్యాయం. అందులో ఎదురెదురుగా నిలిచిన గ్రీకు పదాలు రెండు: న్యూమా, సార్క్స్. తెలుగు బైబిలు వీటిని ఆత్మ, శరీరము అన్నది. చిక్కంతా ఇక్కడే. ‘ఆత్మ’ అనగానే తెలుగువానికి జీవాత్మ, పరమాత్మల చర్చ స్ఫురిస్తుంది. న్యూమాకు మూలార్థం గాలి, ఊపిరి. అరబీలో రూహ్, రీహ్ పదాలు ఒకే ధాతువునుండి పుట్టినట్లే. పౌలు చెప్పే ఆత్మ మనిషిలో సహజంగా ఉన్నది కాదు, దేవుడు ప్రసాదించినది. సార్క్స్ కూడా కేవలం దేహం కాదు. గలతీయుల లేఖలో ‘శరీర కార్యాల’ కింద వ్యభిచారంతోపాటు ద్వేషం, అసూయ, కక్షలూ చేరాయి. అసూయపడడానికి దేహంతో ఏం పని? చెడుకు పురికొల్పే నఫ్స్ అని మనం అనేది దీనికి చాలా దగ్గర.

అదే అధ్యాయంలోని దైవసంకల్పాన్ని ఐహిక క్షేమానికి హామీగా బోధించేవారున్నారు. అంతకుముందే పౌలు సృష్టి యావత్తూ మూలుగుతున్నదన్నాడు. 29వ వచనంలో ఆ సంకల్పపు గమ్యం విశ్వాసి క్రీస్తు పోలికలోకి మారడమే.

భేదమూ స్పష్టంగా చెప్పాలి. రూహుల్ ఖుదుస్ అంటే మన వ్యాఖ్యాతల్లో అధికులకు జిబ్రీల్ దూత. క్రైస్తవులకు త్రిత్వంలో ఒకరు. తెలుగులో రెంటికీ ‘పరిశుద్ధాత్మ’ అనే రాస్తున్నాం. అందుకే ఖుర్ఆన్ అనువాదంలో నేను అరబీ మాటనే ఉంచుతున్నాను.