పాటకు ఓ చొక్కా!

పాత రికార్డు చేతికిస్తే, సేకరణ పిచ్చి ఉన్నవాళ్లు ముందు చూసేది రికార్డును కాదు... దాని అట్టను! పాడిందెవరు, రాసిందెవరు, బాణీ కట్టిందెవరు, వాయిద్యాల మీద ఎవరున్నారు- వివరంగా తెలిసేది అక్కడే. రికార్డు మధ్యలోని గుండ్రటి లేబుల్ మీద పట్టేది నాలుగు ముక్కలే మరి. అట్ట పోయినా పాట వినిపిస్తుంది. కానీ దాని ఊరూ పేరూ చెప్పేవాళ్లుండరు.

మొదట్లో రికార్డులకు ఇంత సోకు లేదు. మూడు నిమిషాలు పాడే లక్క రికార్డులు మామూలు కాగితం సంచుల్లో వచ్చేవి. నాలుగైదు కలిపి అమ్మాలంటే ఫొటోలు దాచుకునే పుస్తకం లాంటిదాంట్లో పెట్టేవారు. పాటల సంపుటిని ఇప్పటికీ 'ఆల్బమ్' అంటున్నామంటే కారణం అదే. అట్ట మీద రంగుల బొమ్మ వేస్తే జనం ఆగి చూస్తారని 1940 ప్రాంతంలో అమెరికాలోని కొలంబియా కంపెనీని ఒప్పించింది అలెక్స్ స్టెయిన్‌వైస్ అనే కుర్ర చిత్రకారుడు. 1948లో వినైల్ ఎల్పీ వచ్చాక అడుగు పొడవు, అడుగు వెడల్పు అట్ట దొరికింది. ఇక చూడండి ముచ్చట!

కత్తెరా... జిగురూ!

ఆ అట్టకు ఎంత శక్తి ఉందో చూపించినవాడు హ్యారీ స్మిత్. తన దగ్గరున్న పాత రికార్డుల నుంచి 84 జానపదాలు ఏరి, 1952లో ఆరు ఎల్పీలుగా తెచ్చాడు. వాటికి తోడుగా ఓ చిన్న పుస్తకం. పాత కేటలాగుల బొమ్మలు కత్తిరించి, అతికించి తనే తీర్చిదిద్దాడు. ఆ సంపుటిలోని గాయకుల్లో ఒకరు మిసిసిపీ జాన్ హర్ట్. అందరూ మర్చిపోయిన ఆయన్ని 1963లో అభిమానులు వెతుక్కుంటూ వెళితే సొంతూళ్లోనే దొరికాడు. మళ్లీ వేదికలెక్కాడు.

అట్లాంటాలోని 'డస్ట్ టు డిజిటల్' సంస్థ 2003లో పాత భక్తిగీతాలను ఆరు సీడీల్లో తెచ్చింది. వాటిని దేవదారు చెక్కపెట్టెలో, పచ్చి పత్తి పరిచి మరీ అమర్చింది. ఆదోని మార్కెట్లో పత్తి గుట్టలు చూసే కర్నూలు వాళ్లకు అది పాట దాచే సరుకని ఎప్పుడైనా తోచిందా!

తాళ్లపాక పాఠం

పాటతో పాటు వివరం దాచకపోతే ఏమవుతుందో కడప సీమకు వేరే చెప్పాలా? రాజంపేట దగ్గరి తాళ్లపాకలో పుట్టిన అన్నమయ్య 32 వేల సంకీర్తనలు రచించాడని ప్రతీతి. మిగిలినవి అందులో సగం కూడా కావు. తిరుమల భాండాగారంలోని రాగిరేకులు 1922లో వెలుగు చూశాయి. ప్రతి కీర్తన నెత్తిన రాగం పేరుంది. స్వరం మాత్రం లేదు. దాంతో మాట మిగిలింది, బాణీ పోయింది. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి వంటి పెద్దలు ఎన్నో కీర్తనలకు కొత్తగా బాణీలు కట్టాల్సి వచ్చింది. తిరుమల తిరుపతి దేవస్థానం పూనికతో ఎమ్మెస్ సుబ్బులక్ష్మి పాడిన అయిదు ఎల్పీల 'పంచరత్నమాల' ఆ కీర్తనలను ఇంటింటికీ చేర్చింది. బాణీ ఎవరిదో రాసి ఉంచకపోతే, రేపటివాళ్లు దాన్నీ అయిదొందల ఏళ్లనాటిదే అనుకుంటారు!

ఎండతో పోరు

రాయలసీమలో రికార్డులకు అసలు శత్రువు ఎండ. లక్క రికార్డు కిందపడితే పగులుతుంది, వినైల్ వేడికి వంగుతుంది. దుమ్ము గాడిలో చేరితే గరగరే. కాబట్టి అట్ట చిరిగిన రికార్డులను ఒకదాని మీద ఒకటి పేర్చకండి. పుస్తకాల్లా నిలబెట్టండి. రేకుల కప్పు కింద, అటక మీద అసలే వద్దు. లోపల మెత్తటి కాగితం సంచి, పైన మందపాటి అట్ట... ఇంట్లోనే చేసుకోవచ్చు. అంచులకు అంటుకునే టేపు బదులు నూలుగుడ్డ అతికిస్తే చాలాకాలం ఉంటుంది. పాత అట్టలో ముక్కే మిగిలినా పారేయకండి. కొత్తదాని లోపల దాచండి.

అన్నిటికన్నా ముఖ్యమైన పని మరోటుంది. కర్నూలు, కడప పల్లెల్లో ఎవరింట్లోనైనా పాత నాటక పద్యాల రికార్డు కనిపిస్తే, పద్యం ఎవరిదో, గొంతు ఎవరిదో పెద్దవాళ్లను అడగండి. రికార్డును ఎప్పుడైనా శుభ్రం చేసుకోవచ్చు. పేర్లు గుర్తున్న తాతలు, అవ్వలు ఎప్పటికీ ఉండరు. వాళ్లు చెప్పింది కొత్త అట్ట మీద రాయండి. అక్షరాలు వంకరగా వచ్చినా ఫర్వాలేదు!