కారు కూలెంట్ ఎందుకు మార్చాలి?

కూలెంట్‌లో సాధారణంగా సగం నీళ్లు, సగం ఇథిలీన్ గ్లైకాల్. అందుకే అది 100 డిగ్రీలకే మరిగిపోదు. మరి మార్చడం దేనికి? తుప్పు పట్టకుండా అందులో కలిపిన రసాయనాల శక్తి క్రమంగా తగ్గిపోతుంది.

ఇంజన్ పూర్తిగా చల్లారాకే పెద్దవాళ్ల చేత రేడియేటర్ మూత తీయించాలి. వేడి మీద తీస్తే, లోపలి ఒత్తిడికి సలసలా కాగే ద్రవం ఒక్కసారిగా మొహం మీదికి చిమ్ముతుంది! చాలా కార్లకు రేడియేటర్ అడుగున డ్రెయిన్ ప్లగ్ ఉంటుంది. దాన్ని వదులు చేస్తే పాత కూలెంట్ కింద పెట్టిన బేసిన్‌లోకి కారుతుంది. మళ్లీ బిగించి, కారు కంపెనీ చెప్పిన రకాన్నే డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి పొయ్యాలి. బోరు నీళ్లు వద్దు, లోపల తెల్లటి పొర పేరుకుంటుంది.

పాతదాన్ని కాలవలో పారబొయ్యకండి. తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి. అది విషం. డబ్బాలో పట్టి, దాన్ని తీసుకునే సర్వీస్ సెంటర్‌కి ఇచ్చెయ్యండి.