ఠాణా ఆవరణలో ఒక సైకిలు

శాసనాలు పుట్టే చోట కూర్చోవడం నా వృత్తి. అవి అమలు జరిగే చోటును చూచే అవకాశం అరుదుగా చిక్కుతుంది. ఇటీవల బస్తర్ వెళ్ళినప్పుడు అటువంటి అవకాశం కలిగింది. జగదల్‌పూర్ న్యాయస్థానం ఆవరణలో చెట్టు నీడన కూర్చున్న ఒక ఆదివాసీ యువకుడు, నేను తెలుగులో మాట్లాడడం విని దగ్గరకు వచ్చాడు. ఏటా మిరప కోతలకు భద్రాచలం మీదుగా ఖమ్మం ప్రాంతానికి వలస వెళ్ళే వందలాది కూలీలలో అతడొకడు. అతనికి వచ్చిన కాస్త తెలుగూ ఆ మిరప చేలలోనే అబ్బింది.

"సారూ, మీరు చదువుకున్నోళ్ళు గదా! నా సైకిలు ఎప్పుడిస్తరో లోపల అడుగుతరా?" అన్నాడు.

రెండు కోతల కిందట, కూలి డబ్బుతో ఇంటికి మళ్ళుతుండగా పోలీసులు దారిలో ఆపారట. అనుమానం మీద ఠాణాకు తీసుకువెళ్ళి, ప్రశ్నలు వేసి వదలివేశారు. మనిషిని వదిలారు గాని సైకిలును, సెల్‌ఫోనును, డబ్బును వదలలేదు. చేతికి కాగితం ముక్క కూడా ఇయ్యలేదు. ఆ ఠాణా పేరు నేను రాయదలచుకోలేదు. అతడు మళ్ళీ ఆ దారినే నడవవలసినవాడు. సైకిలు తనదేనని రుజువు చేసే రసీదు తెమ్మని న్యాయస్థానంలో ఎవరో చెప్పి పంపారు. సంతలో కొన్న పాత సైకిలుకు రసీదు ఎక్కడిది? "వెనక చక్రానికి రెండు స్పోకులు లేవు సారూ, నా సైకిలు నాకు తెల్వదా?" అన్నాడతను.

ఒక సైకిలు కోసం ఇంత చర్చ ఎందుకని పాఠకులు అనుకోవచ్చు. కాని అడవి దారులలో సైకిలు అంటే సంతకు పోయే ధాన్యం, తునికాకు కట్ట, ఆసుపత్రికి చేర్చవలసిన రోగి.

చట్టం ఈ విషయంలో మూగదేమీ కాదు. పోలీసులు స్వాధీనపరచుకున్న వస్తువు పోలీసులది కాదు. అది న్యాయస్థానం అదుపులో ఉండవలసిన నిక్షేపం. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడు ప్రకారం స్వాధీనపరచుకున్న సంగతిని మేజిస్ట్రేటుకు వెంటనే తెలియజేయాలి. విచారణ ముగిసేదాకా ఆగనక్కరలేకుండానే, పూచీకత్తు తీసుకుని వస్తువును హక్కుదారుకు అప్పగించే అధికారం 451, 457 సెక్షన్లు మేజిస్ట్రేటుకు ఇచ్చాయి.

ఠాణాలోనే సొత్తు మాయమైతే? 1977లో మైసూరు రాష్ట్రానికి చెందిన బసవ్వ అనే మహిళ కేసులో సుప్రీంకోర్టు ఇందుకు సమాధానం చెప్పింది. దొంగల నుండి పోలీసులు రాబట్టిన ఆమె సొత్తు పోలీసుల వద్దనే కనిపించకుండా పోయింది. వస్తువు లేదు గనుక ఇయ్యలేమంటే కుదరదని, జాగ్రత్త వహించని ప్రభుత్వం దాని విలువను చెల్లించవలసిందేనని న్యాయమూర్తులు తీర్పు ఇచ్చారు. గుజరాత్‌లో ఠాణాలోని ముద్దెమాలును మార్చివేశారని, అక్కడి సొమ్ము కాజేశారని పోలీసు సిబ్బంది మీదనే ఆరోపణ వచ్చిన సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో 2002 అక్టోబరు 1న అదే న్యాయస్థానం మరొక అడుగు ముందుకు వేసింది. వివరంగా పంచనామా రాసి, ఫొటోలు తీసి, బాండు తీసుకుని సొత్తును అప్పగించాలనీ, ఠాణాలో పదిహేను రోజుల నుండి నెలకు మించి ఉంచరాదనీ ఆదేశించింది.

ఆ స్ఫూర్తి కొత్త శాసనంలోకి కూడా వచ్చింది. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత బిల్లు 2023 డిసెంబరు 20న లోక్‌సభలోను, మరునాడు రాజ్యసభలోను ఆమోదం పొందింది. ఆ సమావేశాలలో ఉభయ సభల నుండి 146 మంది ప్రతిపక్ష సభ్యులు సస్పెండ్ అయ్యారు. సగం ఖాళీ బెంచీల ముందు అటువంటి బృహత్తర స్మృతి నెగ్గడం ప్రజాస్వామ్యానికి శోభ కాదని నాకు ఆనాడూ తోచింది, నేడూ తోస్తున్నది. అయినా అందులో మంచిని మంచి అనక తప్పదు. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన ఈ స్మృతి 105వ సెక్షన్ ప్రకారం సోదాను, జప్తును వీడియో తీయాలి. 497వ సెక్షన్ ప్రకారం సొత్తు న్యాయస్థానం ముందుకు వచ్చిన 14 రోజులలో దాని వివరాల పట్టిక తయారు కావాలి, ఫొటోలు తీయాలి, ఆ తరువాత 30 రోజులలో దానిని ఏమి చేయాలో ఉత్తర్వు వెలువడాలి.

గడువు బాగానే ఉన్నది. కాని ఆ గడువు సొత్తు న్యాయస్థానం ముందుకు వచ్చిన నాటి నుండి గదా మొదలయ్యేది! ఠాణా గోడ పక్కనే ఉండిపోయిన సైకిలుకు ఆ గడియారం తిరగదు. అప్పుడు 503వ సెక్షన్ వర్తిస్తుంది. హక్కుదారు ఎవరో తెలియదంటే మేజిస్ట్రేటు ప్రకటన జారీ చేస్తాడు. ఆరు మాసాలలో ఎవరూ వచ్చి హక్కు రుజువు చేసుకోకపోతే, ఆ సొత్తు ప్రభుత్వపరం కావచ్చును. ఆ ప్రకటన హిందీలో ఉంటుంది. గోండీ, కోయ, హల్బీ మాట్లాడే మనిషి, ఆ ఆరు మాసాలలో కొంతకాలం తెలుగునాట మిరప కోస్తూ ఉండే మనిషి, దానిని చదివేదెట్లా?

బస్తర్‌లో పోయిన ఆస్తిని రాబట్టుకోవడం ఒకనాడు రాజుకే సాధ్యం కాలేదు. ఓరుగల్లు ప్రతాపరుద్రుని తమ్ముడు అన్నమదేవుడు తమ వంశకర్త అని చెప్పుకునే కాకతీయ రాజకుటుంబంలోని చివరి పాలకుడు ప్రవీర్‌చంద్ర భంజ్‌దేవ్ ఆస్తిని 1953లో ప్రభుత్వం కోర్ట్ ఆఫ్ వార్డ్స్ కింద స్వాధీనం చేసుకున్నది. కొన్ని గ్రామాల మీద హక్కు కోసం ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్ళి ఓడిపోయాడు. 1966 మార్చి 25న జగదల్‌పూర్ రాజభవనంలోనే పోలీసు కాల్పులలో మరణించాడు. ఆయన రాజకీయాలతో ఏకీభవించనివారు ఉన్నారు. అది వేరే సంగతి. ఆయనకు వకీళ్ళున్నారు, ఇంగ్లీషున్నది. సైకిలు పోగొట్టుకున్నవానికి ఈ రెండూ లేవు.

దూరం మరొక శిక్ష. జగదల్‌పూర్ నుండి రాయపూర్‌కు దాదాపు 300 కిలోమీటర్లు. హైకోర్టు ఉన్న బిలాస్‌పూర్ అక్కడికి ఇంకా వంద కిలోమీటర్లకు పైగా. కాలం ఇంకొక శిక్ష. 2017 ఏప్రిల్‌లో 25 మంది సి.ఆర్.పి.ఎఫ్. జవానులను బలిగొన్న బుర్కాపాల్ దాడి కేసులో 121 మంది ఆదివాసీలను 2022 జూలైలో దంతెవాడ ప్రత్యేక న్యాయస్థానం నిర్దోషులని విడుదల చేసింది. జవానుల కుటుంబాలకు న్యాయం జరగలేదు. అయిదేళ్ళు జైలులో గడిపినవారికీ జరగలేదు. మనుషులే అయిదేళ్ళకు తిరిగి వచ్చిన చోట సైకిలు సంగతి అడగడం చోద్యమనిపించవచ్చు. సాయుధ తిరుగుబాటు సాగిన ప్రాంతంలో పోలీసులు అనుమానించకుండా ఉండలేరన్న వాదనను కూడా నేను తోసిపుచ్చను. అయితే అనుమానం తీరి మనిషిని వదిలిన తరువాత సైకిలు మీద మిగిలిన అనుమానమేమిటి?

1978లో 44వ సవరణ ద్వారా పార్లమెంటు ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల నుండి తొలగించింది. శాసనాధికారం లేకుండా ఎవరి ఆస్తినీ హరించరాదన్న 300-ఎ అధికరణాన్ని మాత్రం చేర్చింది. ఆస్తి అనగానే మనకు భూములు, కర్మాగారాలు స్ఫురిస్తాయి. రెండు స్పోకులు లేని సైకిలు కూడా ఆ అధికరణం రక్షణలోనిదే.

చేయవలసింది పెద్దదేమీ కాదు. జప్తు చేసిన ప్రతి వస్తువుకూ అక్కడికక్కడే రసీదు ఇయ్యాలి. మనిషిని వదిలినప్పుడే అతని సొత్తు జాబితా మేజిస్ట్రేటుకు చేరాలి. తన వస్తువు కోసం దరఖాస్తు పెట్టుకునే భారం హక్కుదారుది కాక, దానిని ఎందుకు ఉంచుకున్నదీ చెప్పే భారం ఠాణాది కావాలి. 1987 నాటి చట్టం షెడ్యూల్డు తెగలవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇచ్చింది. ఆ సంగతి ఆ యువకునికి ఎవరూ చెప్పలేదు.

నేను అతనిని న్యాయసేవల కార్యాలయానికి తీసుకువెళ్ళాను. అక్కడి వకీలు ఓపికతో దరఖాస్తు రాసి, వేలిముద్ర వేయించుకున్నాడు. బయటకు వచ్చాక, "మళ్ళీ కోతల నాటికి వస్తదా సారూ?" అని అడిగాడతను. పుస్తకంలో ఉన్న రోజుల లెక్క నాకు తెలుసు. అయినా వస్తుందని చెప్పడానికి నోరు రాలేదు.