ఉత్తరపు ఋతువులు, మన తీరపు పిట్టలు

మన పంచాంగం ప్రకారం ఉగాదితో వసంత ఋతువు ప్రారంభమవుతుంది. చైత్ర వైశాఖాలు వసంతం, జ్యేష్ఠ ఆషాఢాలు గ్రీష్మం, మాఘ ఫాల్గుణాలు శిశిరం. ఈ వరుసను మన సాయంకాలపు తెలుగు తరగతులలో పిల్లలు కంఠస్థం చేస్తారు. కాని మారిషస్‌లో ఉగాది నాటికి వేసవి ముగిసిపోతూ ఉంటుంది. పంచాంగం గ్రీష్మమని చెప్పే జూన్ నెలలో క్యూర్‌పీప్ పట్టణంలో స్వెట్టర్లు తీస్తాము. సంక్రాంతి చలి పండుగ కదా, ఇక్కడ ఆ రోజున ముగ్గు వేసేవారికి చెమటలు పడతాయి. “మరి పుస్తకంలో ఉన్నది తప్పా?” అని పిల్లలు అడిగితే, “ఆచారం అలా వచ్చింది” అని చెప్పి ఊరుకునేవారమే మనలో ఎక్కువ. ఆ ప్రశ్నకు సరియైన సమాధానం ఇవ్వకపోతే తెలుగు చదువంతా వట్టి వల్లెవేత అని వారికి తోచే ప్రమాదం ఉన్నది.

సమాధానం చెప్పడానికి పోర్ట్ లూయీ ఉత్తరపు అంచున ఉన్న తేర్ రూజ్ ఏటి మొగ చాలును.

ఋతువులు ఎందుకు తారుమారు?

భూమి కొంచెం ఒరిగి సూర్యుని చుట్టూ తిరుగుతున్నది. ఉత్తరార్ధ గోళం సూర్యుని వైపు వంగినప్పుడు అక్కడ వేసవి, దక్షిణాన ఉన్న మనకు చలికాలం. ఆరు నెలల తరువాత ఇది తిరగబడుతుంది. మన పెద్దలు వ్రాసుకున్న ఋతువులు గోదావరి, కృష్ణా తీరాల నుండి చూసినవి. అవి ఉత్తరార్ధ గోళపు ఋతువులు. పుస్తకం తప్పు కాదు, మన ఊరు మారింది.

అయితే ఆ ఉత్తరపు ఋతువులు ఈ దీవిలో బొత్తిగా కనిపించవని అనుకోరాదు. వాటిని ఏటా తమ ఒంటి మీద మోసుకువచ్చే పిట్టలు కలవు.

మంచు దేశపు పిట్టలు

తేర్ రూజ్ మొగ వద్ద 26 హెక్టార్ల పక్షి రక్షణ స్థలం ఉన్నది. 2001లో దానిని అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా రామ్‌సార్ పట్టికలో చేర్చారు. మారిషస్ నుండి ఆ పట్టికకెక్కిన మొదటి స్థలం ఇదే. నీరు తీసినప్పుడు బయటపడే బురదలో పురుగులను, చిన్న రొయ్య జాతి జీవులను ఏరుకు తినే పిట్టలు ఇక్కడ గుంపులుగా దిగుతాయి. కొన్ని రాళ్లను ముక్కుతో తిరగవేసి మేత వెదుకుతాయి. మన దీవి చుట్టూ సముద్రపు ఒడ్డున కనిపించే టర్న్‌స్టోన్లు ఇవే. పొడవైన వంపు ముక్కుతో, కోడి అంత ఎత్తున నడిచేది క్రియోల్‌లో ‘కోర్బిజో’ అని పిలిచే పక్షి.

వీటిలో మేము ముఖ్యంగా చెప్పదలచినది కర్లూ సాండ్‌పైపర్ గురించి. ఇది మన ఉల్లంకి జాతిది. ముక్కు కొన కిందికి వంగి ఉంటుంది. తూకం సుమారు 60 గ్రాములు. దీని పుట్టిల్లు సైబీరియా ఉత్తరపు కొసన, తైమీర్ ద్వీపకల్పం వంటి మంచు మైదానాలలో. అక్కడి నుండి మన దీవికి పదివేల కిలోమీటర్లకు పైగా దూరం.

అక్కడ జూన్ నెలలో మంచు కరుగుతుంది. పొద్దు క్రుంకదు. దోమలు, ఈగలు, వాటి పురుగులు విపరీతంగా పుడతాయి. తల్లి పక్షి నేల మీదనే గూడు కట్టి సాధారణంగా నాలుగు గుడ్లు పెడుతుంది. పొదిగేది, పిల్లలను పెంచేది తల్లి ఒక్కటే. మగ పక్షులు జూలై మొదటికే దక్షిణానికి బయలుదేరుతాయి, తరువాత తల్లులు, చివరకు పిల్లలు. వాటికి దారి చూపే పెద్దలెవ్వరూ వెంట ఉండరు.

పిట్ట ఒంటి మీద పంచాంగం

మన చెరకు కోతలు జోరుగా సాగే సెప్టెంబరులో పెద్ద పక్షులు వస్తాయి. అప్పటికి కొన్నిటి రొమ్ము మీద ఎర్రని మచ్చలు ఇంకా మిగిలి ఉంటాయి. అది తైమీరు వేసవి శేషం. కొద్ది వారాలలో అవి రాలి ఒళ్లంతా బూడిద రంగు, పొట్ట తెలుపు అవుతుంది. దసరా, దీపావళి రోజులలో పిల్ల పక్షులు చేరుకుంటాయి. వీపు ఈకల అంచులు లేత రంగులో పొలుసుల వలె కనిపిస్తే అది ఆ ఏడాది పుట్టిన పిల్ల అని గుర్తు.

ఫ్లాంబోయాన్ చెట్లు పూచే డిసెంబరులో అవి బూడిద రంగులోనే మేస్తాయి. ఆ సమయంలో వాటి పుట్టిన నేల మీద పొద్దే పొడవదు. ఫిబ్రవరి దాటిన తరువాత మార్పు మొదలవుతుంది. ఒక్కొక్కటిగా ఎర్ర ఈకలు తొంగి చూస్తాయి. మేత మీద ఆత్రం హెచ్చుతుంది. దూర ప్రయాణానికి ఒంట్లో కొవ్వు కూడబెట్టి, తూకం మూడవ వంతుకు పైగా పెంచుకుంటాయి. ఏప్రిల్ నాటికి చాలా పక్షుల రొమ్ము ఇటుక రంగుకు తిరిగి ఉంటుంది. అప్పుడే ఉగాది. పంచాంగం చెప్పిన వసంతాన్ని మన దీవిలో చూడదలచినవారు ఆ రొమ్ముల మీద చూడవచ్చును.

మే తరువాత కూడా కొన్ని బూడిద పిట్టలు ఇక్కడే తిరుగుతుంటాయి. అవి రోగం వచ్చి ఆగినవి అనుకోవద్దు. ఏడాది నిండని పిల్లలు చాలావరకు మొదటి సంవత్సరం ఉత్తరానికి పోవు.

ఎలుకల లెక్క

తైమీరులో లెమ్మింగు అనే ఎలుక జాతి ఉన్నది. అవి కొన్ని ఏండ్లు విపరీతంగా పెరిగి, ఒక్కసారిగా తగ్గిపోతాయి. ఎలుకలు దండిగా ఉన్న ఏడు నక్కలు వాటినే తిని పిట్ట గూళ్ల జోలికి అంతగా పోవు. ఎలుకలు లేని ఏడు నక్కలు గుడ్లను, పిల్లలను తినివేస్తాయి. ఆ ఏడాది దక్షిణానికి వచ్చే పిల్ల పక్షులు బహు తక్కువ. దక్షిణాఫ్రికా తీరంలో పిల్ల పక్షులను లెక్కించినవారు ఈ ఏటి ఏటి తేడాను స్పష్టంగా చూశారు. మన తీరంలోనూ అటువంటి లెక్క వేయవచ్చును.

కోరంగితో బంధం

మన పూర్వీకులలో అనేకులు గోదావరి మొగ వద్ద ఉన్న కోరంగి రేవులో ఓడ ఎక్కినవారు. ఇక్కడ తెలుగువారికి ‘కోరింగీ’ అనే పేరు వచ్చింది అందువల్లనే. నేడు ఆ కోరంగి వద్ద మడ అడవి రక్షిత స్థలం ఉన్నది. సైబీరియాలో పుట్టిన ఈ జాతి పిట్టలే చలికాలంలో ఆ బురదలోనూ మేస్తాయి. అదే పిట్ట అటూ ఇటూ తిరుగుతున్నదని కాదు, ఒకే జాతి రెండు తీరాలను నమ్ముకున్నది. మన తాతలు విడిచి వచ్చిన మొగలోను, వారు దిగిన రేవుకు కొద్ది మైళ్ల దూరంలోని మొగలోను ఒకే రకం పిట్ట వాలుతున్నదంటే మన పిల్లలకు చెప్పదగిన సంగతి కాదా?

ఈ సంగతి ఎంతకాలం చెప్పగలమో ఆలోచించవలసి ఉన్నది. 2024లో కర్లూ సాండ్‌పైపర్‌ను ప్రపంచవ్యాప్తంగా ప్రమాదంలో పడిన జాతుల పట్టికలోకి మార్చారు. దారి పొడుగునా బురద నేలలను పూడ్చివేయడం ఇందుకు ఒక ముఖ్య కారణం. మన మొగ కూడా నగరానికి, ఓడరేవుకు ఆనుకొని ఉన్నది. కాలువలో పడవేసిన చెత్త చివరకు చేరేది అక్కడికే.

మన తెలుగు తరగతులకు మా సూచన ఒక్కటే. రక్షణ స్థలాన్ని చూసే నేషనల్ పార్క్స్ వారిని ముందుగా అడిగి, దసరాకు ఒకసారి, సంక్రాంతికి ఒకసారి, ఉగాదికి ఒకసారి పిల్లలను తీసుకువెళ్లండి. నీరు తీసిన వేళ చూసుకోండి. దూరంగా, సద్దు చేయకుండా నిలబడాలి. ప్రతివాని చేతిలో ఒక నోటుపుస్తకం ఉండాలి. అందులో తేదీ, తెలుగు మాసం, పిట్టల సంఖ్య, రొమ్ము రంగు, పిల్ల పక్షులు ఎన్ని అనేవి తెలుగులో వ్రాయించండి. మరుసటి ఉగాదికి ఆ పుస్తకాన్ని మళ్లీ తీయించండి. వసంతం ఎక్కడ అని అడిగిన పిల్లవాడు తన చేతివ్రాతలోనే చూసుకుంటాడు.