శుక్లం తీసిన కంటిలో పీడనం

పంపు తోడే నీటికి నిర్గమమార్గం మూసుకుపోతే గొట్టంలో పీడనం పెరుగుతుందని మన వృత్తిలోని వారందరికీ తెలిసినదే. కన్నూ అంతే. అందులో నిరంతరం ఊరే ద్రవం జల్లెడ వంటి కణజాలం గుండా వెలుపలికి పోతుంటుంది. సాధారణ పీడనం 10 నుండి 21 మిల్లీమీటర్ల పాదరసం.

క్రిందటి సంవత్సరం నాకు శుక్లం శస్త్రచికిత్స జరిగింది. ఆ సాయంత్రమే తీవ్రమైన కన్నుపోటు, తలనొప్పి, వాంతులు. పైత్యమని సరిపెట్టుకోబోతే మా శ్రీమతి వినక ఆసుపత్రికి తీసుకువెళ్ళింది. పీడనం 38! శస్త్రచికిత్సలో వాడిన జిగురుద్రవం కొంత మిగిలి ఆ జల్లెడకు అడ్డుపడిందట. మందులతో మరునాటికి తగ్గింది. మా తండ్రిగారికి నీటికాసులు ఉండేవన్న సంగతి ముందుగా చెప్పకపోవడం నా పొరపాటు.

నీటికాసులు ఉన్నవారికి, అధిక హ్రస్వదృష్టి గలవారికి, కటకపు ముక్కలు లోపల మిగిలినవారికి ఈ ప్రమాదం హెచ్చు. వాపు తగ్గించే స్టెరాయిడ్ చుక్కలు సైతం కొందరిలో కొన్ని వారాలకు పీడనాన్ని పెంచుతాయి. గడువు దాటి వాడరాదు.

శుక్లం తొలగించాక చాలామందికి కాలక్రమేణా పీడనం కొంత తగ్గుతుంది కూడా. కనుక శస్త్రచికిత్సకు భయపడనక్కరలేదు. కాని పీడనం వల్ల దెబ్బతిన్న దృష్టినాడి మరల కోలుకోదు. తొలినాటి నొప్పిని మామూలేనని ఉపేక్షించకండి.