గిల్టు: మాట ఒకటే, బజార్లు రెండు

నెల్లూరు: ఆచారి వీధి బంగారం కొట్లలో 'గిల్టు' అన్న మాట వినబడితే కొనవచ్చినవారు వెనక్కి తగ్గుతారు. అదే మాట ముంబాయి ద్రవ్య విపణిలో వినబడితే బ్యాంకులు నిశ్చింతగా సొమ్ము పెడతాయి. రెండు చోట్లా మాట ఒకటే, మూలమూ ఒకటే.

ఇంగ్లీషులో 'గోల్డ్'కు చుట్టమైన 'గిల్డ్' అంటే బంగారు పూత పూయడం. పూత పడినది 'గిల్ట్'. తెలుగు నోట అది గిల్టు అయింది. బ్రిటిష్ ప్రభుత్వ రుణపత్రాల అంచులకు బంగారు పూత ఉండేదని, అందుకే వాటికి 'గిల్ట్ ఎడ్జ్‌డ్' పేరు వచ్చిందని చెబుతారు. మన ప్రభుత్వ సెక్యూరిటీలనూ గిల్టులనే వ్యవహరిస్తారు. వీటి అసలుకు, వడ్డీకి సర్కారు పూచీ. అయితే వడ్డీ రేట్లు పెరిగితే వీటి బజారు ధర తగ్గుతుంది.

వర్తకం వెంట వచ్చిన పూత మాటలు మరికొన్ని ఉన్నాయి. ఇత్తడి గిన్నెలకు వేసే కళాయికి మూలం తగరానికి అరబ్బీ పేరు. మలయా తీరంలోని 'కలా' రేవు నుంచి ఆ పేరు వచ్చిందని పలువురి అభిప్రాయం. 'ములామా' కూడా అరబ్బీ మూలమే. మెరుగు పెట్టినదని అర్థం. గుడి గోపురానికి రేకు తొడిగితే తాపడం అంటారు. అందులో గౌరవమే తప్ప అనుమానం లేదు.

నగల బజారులో చిక్కంతా ఇక్కడే. గిల్టు, రోల్డ్‌గోల్డ్ ఒకటి కావు. గిల్టులో బంగారం పలుచని పూత మాత్రమే. నేడది ఎక్కువగా విద్యుత్తుతో పట్టించేది. రోల్డ్‌గోల్డ్‌లో బంగారు రేకును వేడితో, ఒత్తిడితో మరో లోహానికి అతికిస్తారు. మచిలీపట్నం చెంత చిలకలపూడి ఈ సరుకుకే పేరు పొందింది. 'వన్ గ్రామ్ గోల్డ్' అన్న పేరులోని గ్రాము తూకానికి హామీ కాదు.

తాకట్టు వర్తకులకే నష్టభయం ఎక్కువ. పూత మందంగా ఉంటే పైపైన గీసిన గీటు బంగారాన్నే చూపుతుంది. లోతుగా గీసి ఆమ్లం చుక్క వేస్తే గాని అడుగు లోహం బయటపడదు. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగలపై ఆరు స్థానాల గుర్తింపు సంఖ్య ఉండాలి. గిల్టు నగకు ఆ ముద్ర వర్తించదు.

గిల్టును గిల్టని చెప్పి అమ్మితే అదీ సక్రమమైన వ్యాపారమే. బిల్లులో 'బంగారు' అని రాసి ఊరుకోక, అడుగు లోహం, పూత రకం విడివిడిగా రాస్తే ఇరుపక్షాలకూ పేచీ ఉండదు.